దోమపోటు లెక్క

వరి చేలో దోమపోటు అంటే రైతుల గుండె గుభేలుమంటుంది. ముందు పైరు అక్కడక్కడా గుండ్రంగా, సుడి తిరిగినట్టు ఎండిపోతుంది. తర్వాత చేనంతా పాకుతుంది. అందుకే దీన్ని సుడిదోమ అంటారు. ఇది మనుషుల్ని కుట్టే దోమ కాదు. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది.

దోమ కనబడితే ఏం చేస్తాం? అప్పు చేసైనా మందు తెస్తాం. కొడతాం. కొన్నాళ్ళకు దోమ మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువే వస్తుంది. ఎందుకిలా?

దీనికి జవాబు వెతికిన శాస్త్రవేత్తల్లో పీటర్ కెన్మోర్ ఒకరు. ఆయనది అమెరికా. ఫిలిప్పీన్స్ దేశంలో లాస్ బాన్యోస్ అనే ఊరుంది. అక్కడ 1960లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పెట్టారు. 1980కి కాస్త ముందు కెన్మోర్ అక్కడ దోమపోటు మీద పరిశోధన చేశారు.

కొన్ని మళ్ళలో మందు కొట్టారు. కొన్నిటిని మందు లేకుండా వదిలేశారు. తర్వాత దుబ్బులు వెతికి దోమల్ని లెక్కపెట్టారు. సాలెపురుగుల్ని కూడా లెక్కపెట్టారు. అన్నీ రాసుకున్నారు.

మందు కొట్టిన మళ్ళలో దోమ తగ్గాలి కదా! కానీ అక్కడే పెరిగింది.

కారణం ఏమిటి? సుడిదోమ ఆకు మట్ట లోపల గుడ్లు పెడుతుంది. మందు ఆ గుడ్లను చంపలేకపోయింది. కానీ బయట తిరిగే సాలెపురుగుల్ని చంపేసింది. సాలెపురుగు దుబ్బుల మధ్య పరుగెత్తి దోమల్ని పట్టి తింటుంది. గుడ్లు పగిలి పిల్లదోమలు వచ్చేసరికి తినేవాళ్ళు లేరు. కాపలా కుక్కను చంపి తలుపు తెరిచి పెట్టినట్టయింది.

ఇండోనేషియా దేశంలో అప్పట్లో ప్రభుత్వమే పురుగుమందుల్ని చౌకగా ఇప్పించేది. అక్కడా దోమపోటు వరిని దెబ్బతీసింది. చివరకు 1986లో ప్రభుత్వం 57 రకాల మందుల్ని వరి మీద కొట్టకూడదని ఆపేసింది. 1989 నుంచి పొలంలోనే రైతులకు బడి పెట్టారు. ఈ పనిలో కెన్మోర్ ముందు నిలిచారు. వారానికోసారి రైతులు చేలో దిగి పురుగుల్ని లెక్కపెట్టేవారు. బొమ్మలు గీసేవారు. మందుల వాడకం బాగా తగ్గింది. పంట మాత్రం తగ్గలేదు. తర్వాత మన తెలుగు నేల మీద కూడా 'పొలంబడి' పేరుతో ఇలాంటి బడులు నడిచాయి.

మందు అసలే వద్దని కాదు. చూడకుండా, లెక్కపెట్టకుండా కొట్టొద్దు.

నాట్లు వేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. అంటే సుమారు జానెడు. గాలి, వెలుతురు దుబ్బు మొదట్లోకి పోతాయి. యూరియా అతిగా వేయకూడదు. దోమ కనబడితే మడిలో నీళ్ళు తీసేసి ఆరబెట్టాలి.

చేసి చూద్దాం

చేలో అక్కడొకటి, ఇక్కడొకటి 10 దుబ్బులు చూడండి. మొదట్లో చేత్తో తట్టండి. పలక మీద రెండు గళ్ళు గీయండి. ఒక గడిలో దోమలెన్నో, రెండో గడిలో సాలెపురుగులెన్నో రాయండి. వారం తర్వాత మళ్ళీ రాయండి. దోమ పెరిగిందా, తగ్గిందా? ఆ లెక్క వ్యవసాయాధికారికి చూపించండి. మందు కొట్టాలో వద్దో అప్పుడు అడగండి.

కొత్త మాటలు

శాస్త్రవేత్త, పరిశోధన, సంస్థ, కాలిబాట, పొలంబడి