ఆటగాడు, ఆటకు నిర్వాహకుడు

ఫుట్‌బాలు ఆటకు పక్షమునకు పదునొకండుగురు చాలుదురని మన విద్యార్థులలో ననేకులు తలంచుచుందురు. అది పూర్ణసత్యము కాదు. మైదానమును చదును చేయించువారెవరు? సున్నపుగీతలు గీయించువారెవరు? పోటీకి దినమును నిర్ణయించి, ఉభయపక్షములకును జాబులు వ్రాసి, చందాలు వసూలుచేసి, తుదకు లెక్క చూపువారెవరు? వీరు బంతిని తాకరు. అయినను వీరు లేనిదే బంతి కదలదు. ఒకప్పుడు బంతిని చక్కగా ఆడినవారే, ఆట చాలించిన పిమ్మట ఈ రెండవ పనికి పూనుకొనినచో నేమి ఫలము కలుగునో ఈ వ్యాసమునందు విచారింపదలచితిమి.

ఈ పని రెండు తెరగులుగా నుండును. ఒకటి, క్లబ్బునకు యజమానుడై ధనము సమకూర్చి ఆటగాండ్రను పోషించుట. రెండవది, అనేక క్లబ్బులు కూడి యేర్పరచుకొనిన సమాఖ్యలో అధికారియై పోటీలను, నియమములను, బాలుర శిక్షణమును నడపుట. మొదటిదానికి ధనము, రెండవదానికి ఓర్పు ముఖ్యము. రెంటికిని నిజాయితీ అవశ్యకము.

అన్యదేశములనుండి ఒక నిదర్శనము చూతము. నల్లసముద్రమునకు తూర్పున జార్జియా యను చిన్న దేశము గలదు. ఇది అమెరికాలోని జార్జియా రాష్ట్రము కాదు. 1991లో స్వాతంత్ర్యము పొందిన వేరొక దేశము. ఆ దేశీయుడైన లెవాన్ కొబియాష్విలీ అనేక సంవత్సరములు జర్మనీ క్లబ్బులలో ఆడి, స్వదేశము పక్షమున నూరు పందెములాడిన మొదటివాడై, 2014లో ఆట చాలించెను. మరుసటి యేడు అక్టోబరులో ఆ దేశపు ఫుట్‌బాలు సమాఖ్యకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 2024లో జార్జియా మొట్టమొదటి పర్యాయము ఐరోపా ఖండపు మహాపోటీలలో ప్రవేశించి, పోర్చుగల్ పక్షమును రెండు గోళ్లతో ఓడించెను. ఒక్క అధ్యక్షునివలననే ఇది జరిగెనని మేము చెప్పము. కాని తొమ్మిది సంవత్సరముల ఓర్పు ఇట్టి ఫలమునకు తోడ్పడునని చెప్పవచ్చును.

మన దేశమునందును ఈ దారి త్రొక్కినవారు కలరు. భారతపక్షమునకు నాయకుడైన బైచుంగ్ భూటియా తన స్వరాష్ట్రమున యునైటెడ్ సిక్కిం అను క్లబ్బునకు యజమానులలో నొకడయ్యెను. ఆ క్లబ్బు 2012లో దేశపు పైశ్రేణి పోటీలకు చేరి, మరుసటి యేడే క్రిందికి జారెను. 1937లో స్థాపింపబడిన అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్యకు 2022 సెప్టెంబరులో అధ్యక్షుని ఎన్నిక జరుగగా, పూర్వము గోలురక్షకుడుగా ఆడిన కల్యాణ్ చౌబేకు 33 వోట్లును భూటియాకు ఒక్క వోటును వచ్చెను. మైదానమునందలి కీర్తి వేరు, నిర్వాహకత్వపు పరీక్ష వేరు అని దీనివలన గ్రహింపనగును.

ఇక మన తెలుగునాటి విషయమునకు వత్తము. హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీముగారు 1909లో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఫుట్‌బాలు ఆడిరి. పిదప ఉపాధ్యాయులై కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో బోధించి, వ్యాయామవిద్యయందు పట్టము సంపాదించి, చాదర్‌ఘాట్ ఉన్నతపాఠశాల మొదలగుచోట్ల ఆటలు నేర్పిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి అయిరి. అది మొదలు 1963లో మరణించువరకు, ఇరువది సంవత్సరములు, ఆ పదవియందే యుండిరి. వారు ఏ క్లబ్బునకును యజమానులు కారు. వారి ఆస్తి సుద్దముక్కయు ఈలయు మాత్రమే.

వారు చేసినదేమనగా, పాఠమునకు వలెనే ఆటకును క్రమము నేర్పరచిరి. సామాన్యముగా బాలురు తమకు అలవాటైన కాలితోడనే బంతిని తన్నుదురు; బంతి దొరకిన తోడనే ఒంటరిగా తీసికొనిపోవ జూతురు. ఈ రెండు దోషములను మాన్పుటకు రహీముగారు వింతపోటీలను పెట్టించిరి. ఒక పోటీలో బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెను. మరియొక పోటీలో బంతిని ఒంటరిగా తీసికొనిపోక వెంటనే తోడివానికి అందింపవలెను. అక్షరములు దిద్దించు ఉపాధ్యాయుడు బాలుని తప్పును వెదకి, ఆ తప్పునకు తగిన అభ్యాసమునే యిచ్చునుగదా! ఇదియు నట్టిదే.

ఫలము త్వరలోనే కనబడెను. వారు శిక్షణమిచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు పక్షము 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో వారి శిక్షణలోని భారతపక్షము ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా పరాజయము కలిగెను. మనవారిలో పలువురు పాదరక్షలు లేకయే ఆడిరి. ఆ పిమ్మట బూట్లు తొడుగుట తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండుగా ఓడించి, భారతదేశము నాలుగవస్థానము పొందెను. ఆసియా దేశములలో ఒలింపిక్సు ఫుట్‌బాలున అంతవరకు చేరినది మనదే మొదటిది.

1962లో జకార్తాయందు జరిగిన ఆసియా క్రీడలనాటికి రహీముగారు క్యాన్సరు వ్యాధిచే కృశించియుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. తలకు గాయమైన జర్నైల్ సింగును రక్షణస్థానమునుండి ముందువరుసకు తెచ్చి ఆడించిరి. ఆయనయు పి. కె. బెనర్జీయు చెరియొక గోలు చేయగా, దక్షిణ కొరియాను రెండింటికి ఒకటిగా గెలిచి స్వర్ణపతకము తెచ్చిరి. మరుసటి యేడు జూన్ 11వ తేదీన రహీముగారు పరలోకగతులైరి.

ఆ తరువాతి కథయే మనము ముఖ్యముగా నేర్చుకొనవలసినది. సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ పక్షము 1965-66లో గెలిచెను. ఆ పిమ్మట ఆ గౌరవము మనకు మరల దక్కలేదు. భారతదేశమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము 1962 తరువాత రానేలేదు. మన కె. సి. కాలువకు ఎగువ నీరు ఆగినను, కాలువలోనున్న నీరు కొన్నాళ్లు మడులను తడుపును. అటుపిమ్మట నేల బీటలువారును. రహీముగారు తీర్చిదిద్దిన బాలురు ఆడినంతకాలము కీర్తి నిలిచెను. వారివలె పాఠశాలల వెంట తిరిగి, ఏటేట క్రొత్త బాలురను తీర్చువారు కరవైనప్పుడు కీర్తియు కరగెను.

ధనము ఈ కొరతను తీర్చునా? 2019లో హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు అను పేర వ్యాపారస్థులు ఒక క్లబ్బును స్థాపించిరి. అది 2022 మార్చిలో దేశపు ప్రధాన పోటీయైన ఇండియన్ సూపర్ లీగును గెలిచెను. తరువాత ధనపు ఇక్కట్లు కలిగి, యాజమాన్యము మారి, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయెను. యజమానునికి క్లబ్బును అమ్ముటకును తరలించుటకును హక్కు గలదు. ఊరి బాలురయందు నాటిన విద్యను మాత్రము ఎవ్వరును తరలింపజాలరు. కనుక ధనము వలదని మేము చెప్పము. ధనముకంటె ముందు బాలురను తీర్చు వ్యవస్థ యుండవలెనని చెప్పుదుము.

సువార్తలలో గృహనిర్వాహకునిగూర్చిన ఉపమానములను మన విద్యార్థులెరుగుదురు. గృహనిర్వాహకుడు యజమానుడు కాడు. తనకు అప్పగింపబడినదానికి లెక్క యొప్పజెప్పవలసినవాడు. ఆటకు నిర్వాహకుడైనవాడును అట్టివాడే. ఈ పనియందు మూడు ధర్మములు ముఖ్యమని మాకు తోచుచున్నది. మొదటిది, క్రిందినుండి, అనగా పిన్నలనుండి పని నారంభించుట. రెండవది, కాసు మొదలు కప్పు వరకు అన్నిటికిని అందరియెదుట లెక్క చూపుట. మూడవది, తాను పోకమునుపే తన స్థానమునకు మరియొకని సిద్ధపరచుట. ఈ మూడవది మిక్కిలి కష్టము. గొప్పవారి వెనుకనే శూన్యము మిక్కిలిగా కనబడును.

అయినను మార్గమొక్కటియే కాదు. రహీముగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీముగారు 1960 రోము ఒలింపిక్సు పక్షమున నుండి, పిదప అంతర్జాతీయ తీర్పరియై, శిక్షకుడై, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొందిరి. ఈల పట్టుకొని న్యాయము చెప్పుటయు ఆటకు సేవయే.

బండి ఆత్మకూరు పరిసరములలో వరికోతలైన పిమ్మట ఖాళీమడులలో బాలురు బంతి తన్నుచుండుట మనమందరము చూచుచున్నాము. వారికి ఉత్సాహము కొరత లేదు. క్రమము, కొలత, తీర్పరి, పద్దుపుస్తకము కొరత. తలిదండ్రులారా, ఆట చదువునకు శత్రువని తలంపకుడు. రహీముగారు రెంటిని ఒక్క చేతితోనే నడిపిరి. విద్యార్థులారా, బాలికలారా, మీలో ఉత్తమక్రీడాకారులు కొందరే కాగలరు. కాని గీతలు గీయుటకు, పద్దు వ్రాయుటకు, చిన్న తరగతుల పిల్లలకు సాయంకాలము ఒక గంట నేర్పుటకు ప్రతివారును తగుదురు. పైతరగతివారు పాఠశాల విడుచునప్పుడు బంతితోకూడ ఆ పనిని క్రిందితరగతివారికి అప్పగించి పోవుదురుగాక. అట్లు చేసిననాడు మన మైదానము ఏ యొక్కరి మరణముతోను, ఏ యొక్కరి నిష్క్రమణముతోను పాడుపడదు.