చావు కబురు చెప్పే పద్ధతి

మన ఊళ్లలో చావు కబురు చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. కబురు తెచ్చినవాడు గుమ్మంలోనే బయటపెట్టేవాడు కాదు. ఇంట్లో పెద్దదిక్కు ఎవరో చూసి, పక్కకు పిలిచి, "కొంచెం సీరియస్‌గా ఉందంట, బయల్దేరండి" అనేవాడు. విన్నవాళ్లకు సగం అర్థమయ్యేది. మిగతా సగం నలుగురూ పక్కనున్నప్పుడు తెలిసేది. అబద్ధమే, కానీ ఎంత మర్యాదైన అబద్ధం!

ఇప్పుడు కోదాడలో ఆ కబురు వాట్సాప్ మోస్తోంది. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కనున్న ఊరు కదా, ప్రమాదాలకు కొదవలేదు. బైకును లారీ గుద్దిందంటే 108కి ఫోన్ చేసేవాడికన్నా ముందు వీడియో తీసేవాడు తయారు. రక్తం, నంబరు ప్లేటు, చొక్కా రంగు అన్నీ పడేలా తీసి, "తెలిసినవాళ్లు ఉంటే షేర్ చేయండి" అని ఊరి గ్రూపులో పడేస్తాడు. కింద వరసగా దండాల బొమ్మలు. మధ్యలో ఒకాయన: "హెల్మెట్ లేదుగా, అంతే మరి." తల్లి ఆ గ్రూపులో లేకపోవచ్చు. ఇంటర్ చదివే చెల్లెలు ఉంటుంది.

ఆ మాటన్న పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. పరామర్శకు వెళ్తే ఆ ఇంటి అరుగు మీద నోరు మెదపడు. అరుగు మీద అనలేని మాట గ్రూపులో ఎలా అనగలిగాడు? ఎదురుగా ఏడ్చే ముఖం లేదు, అందుకు.

ప్రమాదాలే కాదు, హత్యల విషయంలోనూ ఇంతే. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులం కాదని పెళ్లి చేసుకున్న యువకుణ్ణి, గర్భిణి అయిన భార్య పక్కనే ఉండగా ఆసుపత్రి బయట నరికి చంపారు. సీసీ కెమెరా దృశ్యం ఫోన్లన్నీ తిరిగింది. భర్తను పోగొట్టుకున్న ఆ అమ్మాయినే తిట్టిపోస్తూ రాసినవాళ్లు ఎందరో. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగతా దోషులకు యావజ్జీవం వేసింది. కేసు తీర్పు దాకా వచ్చింది గానీ, ఆ వీడియోకు ముగింపు లేదు. రేపు ఆ ఇంటి పిల్లలు వెతికినా దొరుకుతుంది.

అదే 2018లో, పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో తిరిగిన పుకారు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకేసారి అయిదు చాట్లకు కట్టడి చేసింది. అయిదు పెద్ద గ్రూపులు చాలవా, ఒక ఊరికి?

ప్రమాదంలో పడ్డవాళ్లకు సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని చాలామంది భయం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయపడినవాళ్లకు రక్షణ ఇచ్చింది. కాబట్టి ప్రమాదం చూస్తే 108కి ఫోన్ చేయండి. గుర్తుపట్టాలంటే పోలీసులకు చెప్పండి, గ్రూపుకు కాదు. ఈపాటికే పెట్టేసి ఉంటే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కండి, రెండు రోజుల దాకా వీలుంది. అడ్మిన్లు కూడా మొహమాటపడకుండా అలాంటివి తీసేయండి.