బి.సి.జి. మచ్చ వెనుక కథ



"ఏ జబ్బూ లేని పసిబిడ్డకు సూది ఎందుకు? పుండు కూడా పడుతున్నది కదా!" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. జవాబు తెలుసుకుందాం.

మన దేశంలో బి.సి.జి. టీకాలు వేయడం 1948లో మదనపల్లెలో మొదలైంది. ఆ ఊరి పక్కనే ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు పెద్ద క్షయ ఆసుపత్రిని నడిపేవి. పసిపిల్లల ప్రాణం తీసే మెదడు పొరల క్షయ నుండి, ఒళ్ళంతా పాకే క్షయ నుండి ఈ టీకా కాపాడుతుంది. ఇది మరొక పని కూడా చేస్తుందని తర్వాత తెలిసింది.

మన కణాలలో జన్యువులు ఒకటే అయినా, అన్నీ ఒకేసారి పనిచేయవు. సిరిసిల్లలో నూలును కండెలకు చుట్టడం మీరు చూసే ఉంటారు. అలాగే డి.ఎన్.ఏ. అనే పోగు హిస్టోన్లు అనే మాంసకృత్తులకు చుట్టుకొని ఉంటుంది. బిగుతుగా చుట్టిన చోట జన్యువు ఊరుకుంటుంది. వదులైన చోట పనిచేస్తుంది. హిస్టోన్ల మీద పడే చిన్న రసాయన గుర్తులు ఈ బిగువును మారుస్తాయి. పోగు మారదు, చుట్టు మారుతుంది. దీనినే ఎపిజెనెటిక్ మార్పు అంటారు.

2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు బి.సి.జి. వేసుకున్న పెద్దల రక్తాన్ని పరీక్షించారు. మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలలో ఇటువంటి గుర్తులు కనిపించాయి. మూడు నెలల తర్వాత కూడా ఆ కణాలు క్షయకు సంబంధం లేని క్రిములను సైతం మునుపటికంటె గట్టిగా ఎదుర్కొన్నాయి. మోనోసైట్లు రక్తంలో కొద్ది రోజులే ఉంటాయి. మరి ఆ జ్ఞాపకం ఎలా నిలిచింది? వాటిని పుట్టించే ఎముక మజ్జలోని మూలకణాలే మారుతున్నాయని 2018లో ఎలుకలలో, 2020లో మనుషులలో గమనించారు.

అయితే ఈ టీకా అన్ని జబ్బులకూ కవచం కాదు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరిశీలనలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఇది ఆపలేదని తేలింది.

గుర్తుంచుకోండి:

1. బిడ్డ పుట్టగానే బి.సి.జి. వేయించండి. అప్పుడు కుదరకపోతే ఏడాది లోపు తప్పక వేయించండి.

2. కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, పుండై, మచ్చ పడుతుంది. ఇది మామూలే. పసుపు, బూడిద, మందులు ఏవీ పూయవద్దు.

3. చంకలో గడ్డ పెద్దదైతే, చీము పడితే డాక్టరుకు చూపించండి.

4. తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే టీకాకు ముందే డాక్టరుకు చెప్పండి.

5. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, చిన్నప్పటి మచ్చ ఉందిలే అనుకోకుండా తెమడ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం.