పొలం డేటా బాక్సుకు మెమరీ చిప్ ఎలా ఎంచుకోవాలి?



తేమ సెన్సర్ వీడియో చూసినోళ్లు ఎక్కువగా అడిగిన ప్రశ్న: "అన్నా, సిగ్నల్ అందని చేనులో రీడింగులు ఎక్కడ దాచుకోవాలి?" వైర్లు ఎట్లా కలపాలో పై వీడియోలో చూపించాను. ఏ చిప్ కొనాలి, ఎందుకు అనేది ఇక్కడ రాస్తున్నా. నేను చదివింది అగ్రికల్చర్ డిప్లొమా, ఎలక్ట్రానిక్స్ కాదు. కాబట్టి మనకు అర్థమయ్యే లెక్కలోనే చెప్తాను.

మన కర్నూలు, కడప ఎర్ర నేలల్లో వానాధార వేరుశనగ సంగతి తెలిసిందే. విత్తినప్పుడు పడిన వాన, ఊడలు దిగే టైముకు మొహం చాటేస్తుంది. బోరులో ఉండే నీళ్లు ఒక్క తడికే వస్తాయి. ఆ తడి ఏ మడికి ముందు ఇవ్వాలి? ఆచ్ఛాదన వేసిన మడి ఇంకెన్నాళ్లు ఆగగలదు? ఇది తేల్చేది ఆ బెట్ట రోజుల రీడింగులే. అవి చెరిగిపోతే సీజనంతా సెన్సర్ పెట్టినా ఫలితం లేదు.

1. ముందు సైజు లెక్క

ఒక్క రీడింగుకు 8 బైట్లు చాలు: టైముకు 4, ఆచ్ఛాదన ఉన్న మడి తేమకు 2, లేని మడి తేమకు 2. గంటకోసారి రాస్తే రోజుకు 192 బైట్లు. 15 నిమిషాలకోసారి అయితే 768 బైట్లు.

ఆర్డునో ఊనో బోర్డులో సొంతంగా ఉండే ఈఈప్రామ్ 1024 బైట్లే. 15 నిమిషాల లెక్కన 32 గంటలకే నిండిపోతుంది. అందుకే బయట చిప్ కావాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చిప్ పేరులో ఉండే అంకె కిలోబిట్లు, కిలోబైట్లు కాదు. 24ఎల్‌సీ256 అంటే 256 కిలోబిట్లు. 8తో భాగిస్తే 32 కిలోబైట్లు. గంటకోసారి రాస్తే ఇది 170 రోజులు వస్తుంది. వేరుశనగ 120 రోజులు అనుకున్నా ఒక్క చిప్ చాలు. 15 నిమిషాలకోసారి కావాలంటే మూడు చిప్‌లు, 128 రోజులు. నేలలో తేమ నిమిషాల్లో మారేది కాదు కాబట్టి గంటకోసారి సరిపోతుందని నా ఉద్దేశం.

2. వోల్టేజీ కలవాలి

ఊనో 5 వోల్టుల బోర్డు, ఈఎస్‌పీ32 3.3 వోల్టుల బోర్డు. 24ఎల్‌సీ256 చిప్ 2.5 నుంచి 5.5 వోల్టుల దాకా పనిచేస్తుంది, అంటే రెండింటికీ సరిపోతుంది. అదే డబ్ల్యూ25క్యూ32 ఫ్లాష్ చిప్ 4 మెగాబైట్లు ఉంటుంది గానీ, అది తట్టుకునేది 2.7 నుంచి 3.6 వోల్టులే. దాన్ని ఊనోకు నేరుగా కలపకూడదు, మధ్యలో లెవెల్ షిఫ్టర్ పెట్టాలి. "సైజు ఎక్కువ కదా" అని కొనేముందు ఇది చూసుకోండి.

ఈఎస్‌పీ32 మాడ్యూళ్లు ఎక్కువ శాతం 4 మెగాబైట్ల ఫ్లాష్‌తోనే వస్తాయి. అందులో కొంత భాగం డేటాకు వాడుకోవచ్చు. అది మీ దగ్గర ఉంటే చిప్ కొనే పనే ఉండకపోవచ్చు.

3. అడ్రసు తగాదా

24ఎల్‌సీ256 ఐ2సీ పద్ధతిలో, రెండే వైర్ల మీద మాట్లాడుతుంది. ఆ రెండు వైర్ల మీదే ఎనిమిది చిప్‌ల దాకా పెట్టొచ్చు. కానీ ఒక్కోదానికి ఒక్కో అడ్రసు ఉండాలి. ఒక వీధిలో రెండిళ్లకు ఒకటే డోర్ నంబర్ ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? అదే తంటా ఇక్కడ కూడా. ఏ0, ఏ1, ఏ2 అనే మూడు కాళ్లను గ్రౌండుకో, ప్లస్‌కో కలిపి అడ్రసు మారుస్తాం. టైము కోసం వాడే డీఎస్3231 మాడ్యూల్ మీద చిన్న ఈఈప్రామ్ చిప్ ముందే ఉంటుంది. అది మామూలుగా చివరి అడ్రసు, అంటే హెక్స్ 57 తీసుకుంటుంది. కాబట్టి మన చిప్‌కు మూడు కాళ్లూ గ్రౌండుకు కలిపి మొదటి అడ్రసు, హెక్స్ 50 ఇవ్వండి.

4. రాసే తీరు

ఈ చిప్‌లో పేజీ 64 బైట్లు. రాస్తూ రాస్తూ పేజీ దాటితే తర్వాతి పేజీకి పోదు, అదే పేజీ మొదటికొచ్చి పాతదాని మీద రాసేస్తుంది. మన 8 బైట్లు 64లో సరిగ్గా ఎనిమిదిసార్లు పడతాయి కాబట్టి ఆ బాధ లేదు. రాసిన ప్రతిసారీ 5 మిల్లీసెకన్లు ఆగాలి.

ఆయుష్షు కూడా చూడాలి. ఈ చిప్‌లో ఒక్కో చోట 10 లక్షలసార్లు రాయొచ్చు, ఊనో లోపలి ఈఈప్రామ్‌కు లక్షసార్లే. సెకనుకోసారి ఒకే చోట రాస్తే లక్ష 28 గంటల్లో అయిపోతుంది. గంటకోసారి అయితే 11 ఏళ్లు పడుతుంది.

5. మిగతావి ఎప్పుడు?

ఎఫ్‌రామ్ (ఎంబీ85ఆర్‌సీ256వీ): ఇదీ 32 కిలోబైట్లే, 5 వోల్టులకూ పనికొస్తుంది. రాశాక ఆగే పని లేదు. సెకనుకోసారి రాయాల్సిన పనులకు మంచిది, ధర ఎక్కువ.

ఎస్‌రామ్ (23ఎల్‌సీ1024): కరెంటు పోతే అంతా చెరిగిపోతుంది. చేనులో డేటా దాచడానికి వద్దు.

ఎస్‌డీ కార్డు: ఫొటోలు తీసేవాళ్లకు ఇదే దారి. కానీ రాసేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, చిన్న బ్యాటరీకి భారం. దుమ్ముకు కాంటాక్టులు కూడా సతాయిస్తాయి.

6. మన ఎండలకు

ఎండలో మూసిన బాక్సు లోపల బయటకంటే వేడి ఎక్కువ. చిప్ పేరు చివర "ఐ" ఉంటే మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా, "ఈ" ఉంటే 125 దాకా తట్టుకుంటుంది. "ఐ/పీ" అని అడగండి. "పీ" అంటే బ్రెడ్‌బోర్డులో గుచ్చుకునే కాళ్లున్న రకం. బాక్సును మాత్రం నీడలో కట్టండి.

చేనుకు తీసుకుపోయే ముందు ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. చిప్ మొదట్లో, మధ్యలో, చివర ఒక్కో అంకె రాసి, బ్యాటరీ పీకేసి, పది నిమిషాల తర్వాత చదవండి. మూడూ రాసినవి రాసినట్టే వస్తే ఆ చిప్ చేనుకు పోవచ్చు. ఒక్కటి తేడా వచ్చినా ముందు వైర్లు, తర్వాత అడ్రసు, ఆ తర్వాత వోల్టేజీ చూసుకోండి. విత్తనాలకు మొలక పరీక్ష చేసి కదా చల్లుతాం, చిప్‌కూ అంతే.