పలకకు ముందు పిండి ముద్ద

"మా వాడికి మూడేళ్లు నిండినా 'అ' దిద్దడం రావడం లేదు సిస్టర్" అంటూ ఒక తల్లి పిల్లవాణ్ణి ఓ.పి.కి తీసుకొచ్చింది. వాడి వేళ్ల మీద స్కేలు దెబ్బలు. చేతికి ఏ జబ్బూ లేదు.

మణికట్టులోని 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తని మృదులాస్థిగా ఉండి, కొన్నేళ్లపాటు మెల్లగా గట్టిపడతాయి. సాధారణంగా పిల్లలు 3 ఏళ్లకు చూసి సున్నా గీస్తారు, 4 ఏళ్లకు కూడిక గుర్తు, 5 ఏళ్లకు త్రిభుజం. మరి 'అ'లో ఎన్ని వంపులున్నాయో చూడండి!

చపాతీలు చేసేటప్పుడు చిన్న పిండి ముద్ద వాడి చేతికివ్వండి. నొక్కుతూ, పాములా సాగదీస్తూ, ఉండలు చేస్తూ ఉంటే వేళ్లకు బలం వస్తుంది. పాత పేపర్లు చింపి అంటించనివ్వండి. బియ్యప్పిండితో ముగ్గు వేయించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పిండి పట్టే ఆ పట్టే రేపు పెన్సిలుకు పనికొస్తుంది. ఇల్లంతా పాడవుతుందంటారా, తుడుచుకుందాం లెండి. "ఏం చేశావు నాన్నా?" అని అడగండి, మాటలూ పెరుగుతాయి.

పూసలు, గింజలు, గుండీలు మాత్రం 3 ఏళ్లలోపు వారికి వద్దు. గొంతులో అడ్డుపడితే ఊపిరాడదు.

ఏడాది నిండకముందే బిడ్డ ఒక్క చేతినే వాడుతూ, రెండో చేతిని పిడికిలి బిగించే ఉంచితే, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.