ఆసులో కండె

“ఆసులో కండెవలె తిరుగుచున్నాడు” అను జాతీయమును మనము వినుచునే యుందుము. క్షణమైన నిలువక ఇటునటు తిరుగువానిని గూర్చి పెద్దలు పలుకు మాట అది. ఎనిమిదవ తరగతిలో దీనిని బోధించుచు, మగ్గముమీద పడుగు నడుమ పరుగిడు సాధనమే కండె యని చెప్పి, నల్లబల్లపై బొమ్మ కూడ గీచితిమి. వెనుక వరుసనుండి ఒక బాలుడు మెల్లగా, “అది నాడె సార్. కండె దాని లోపల ఉంటాది. ఆసు పోసేది మగ్గమెక్కక ముందే” అనెను. తరగతి నవ్వెను. నవ్వవలసినది మా బొమ్మను చూచి. కాని వారు నవ్వినది ఆ బాలుని చూచి. ధర్మవరములో వాని అమ్మమ్మగారింట మగ్గమున్నదని అంతవరకు తోడివారెవ్వరికిని తెలియదు. వాడు చెప్పుకొనలేదు.

ఆ నవ్వు మమ్ము బాధించినది. కనుక ముందు మా తప్పు దిద్దుకొందుము.

దారము మగ్గమెక్కుటకు ముందే చాల పని యున్నది. గూటముల నడుమ దారమును ఇటునటు త్రిప్పుచు, ఒకే పొడవుగల వేల పోగులను వరుస తప్పక చేర్చుట ఆసుపోయుట. ఇట్లు చేరిన నిలువు పోగులు పడుగు. అడ్డముగా పోవునది పేక. పేకదారము చుట్టిన చిన్న గొట్టము కండె. దానిని కడుపులో దాచుకొని పరుగిడునది నాడె. నేతగాడు గుంటలో కాళ్ళుంచి తొక్కినప్పుడు సగము పోగులు పైకి లేచును, సగము క్రిందికి దిగును. ఆ సందులో నాడె పోవును. అచ్చుతో పేకను దగ్గరకు కొట్టుదురు. ఈ అచ్చు పళ్ళ నడుమనుండియే పడుగుపోగులన్నియు వచ్చును. కన్నడ సోదరులు పడుగుపేకలను ‘హాసుహొక్కు’ అందురు. మగ్గమును వారును ‘మగ్గ’ యనియే పిలుతురు. పొరుగు భాషలు ఇంత దగ్గరగా కూర్చున్న చోటు మరియొకటి వెదకవలసినదే.

పట్టువస్త్రపు తొలి భాగము మన పిల్లలకు పరిచితమే. చింతామణి, చిక్కబళ్ళాపురము పల్లెలలోని మల్బరీ తోటలు, చంద్రికలపై గూడు కట్టు పురుగులు, శిడ్లఘట్ట గూళ్ళ సంత, వేడినీటి తొట్లనుండి దారము తీయు ఇండ్లు వారు దినమును చూచునవే. ఒక్కొక్క గూటినుండి వందల గజముల పోగు వచ్చును. మైసూరు దేశమున ఈ పరిశ్రమకు పూనుకొన్నవాడు 18వ శతాబ్దిలో టిప్పు సుల్తాను.

ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో మేము ఒకమారు ధర్మవరము పోయితిమి. ఒక వృద్ధుడు దయతో తన మగ్గమున కూర్చుండనిచ్చెను. కొంతసేపటిలోనే మూడు పోగులు తెంపితిమి. అంచు వంకరలు పోయినది. ఆయన కోపింపక, “అయ్యవారూ, నాడె ఎట్ల పోతాదో చూడద్దండి, అంచు చూడండి” అనెను. అంచు చూచితిమి. కొంతసేపటికి కాలు, చేయి, కన్ను ఒక్క తాళములోనికి వచ్చినవి. మేము నేసినది వ్రేలెడు మాత్రమే. కాని చిన్ననాట తొలిసారి కందపద్యమున గణములన్నియు కుదిరిననాడు కలిగిన ఆనందమే మరల కలిగినది. పడుగు ఛందస్సువంటిది. దాని పోగుల లెక్క ముందే నిర్ణయమై యుండును. ఒక్కటి తప్పినను కనబడును. ఆ కట్టుబాటులోనే నేతగాడు తన ఊహను నడుపును. పడుగు ఎరుపు, పేక నీలము పెట్టినచో మడత తిరిగినప్పుడెల్ల చీర వన్నె మారును. ఉన్నవి రెండే రంగులు. మూడవది ఎక్కడనుండి వచ్చినది? ధర్మవరమువారు ఈ విద్యకు ప్రసిద్ధులు.

బాగేపల్లి మీదుగా సరిహద్దు దాటిన పిమ్మట లేపాక్షి దూరము కాదు. 16వ శతాబ్దినాటి వీరభద్రాలయములో తలయెత్తి పైకప్పు చిత్రములు చూడుడు. దేవతలను చూచుట చాలించి వారు కట్టిన బట్టలను చూడుడు. ఎన్ని చారలు, ఎన్ని గళ్ళు, ఎన్ని పూవులు! లతామండపపు స్తంభములమీది అల్లికలు నేటికిని చీరల అంచులకు ఎక్కుచున్నవి.

కన్నడ వచనకారుడు జేడర దాసిమయ్య నేతగాడు. పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవపురాణమున ఆయన కథ చెప్పెను. జంగమవేషమున వచ్చిన శివుడు, దాసయ్య నేసిన దివ్యవస్త్రమును అడిగి పుచ్చుకొని, ముక్కలుగా చింపును. దాసయ్య కోపింపడు. భక్తి సంగతి పెద్దలెరుగుదురు. ధర్మవరము పోయివచ్చిన పిమ్మట మాకు ఆ ఘట్టము చదువునప్పుడెల్ల చేతివ్రేళ్ళు నొచ్చును.

ఇంత ఆనందమున్నచో జనులు మగ్గము నేల విడుచుచున్నారని తల్లిదండ్రులడుగవచ్చును. కూలి చాలక. దేశమున చేనేతయు దాని అనుబంధపు పనులును చేయువారు 2009-10 గణనలో 43 లక్షలకు పైగా నుండగా, 2019-20 గణనకు 35 లక్షలైరి. నెలజీతము తెచ్చుకొను మాకు, మానినవారిని తప్పుపట్టు అర్హత లేదు. మీ పిల్లలను మగ్గమున కూర్చుండబెట్టుడని మేము కోరము. ఇంటనున్న విద్యను బడిలో దాచుకొనవలదని మాత్రము వారికి చెప్పుడు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు జకార్డు, చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గముపై పూలు తేల్చెను. ఆ అట్టలనే తన గణనయంత్రమునకు వాడదలచిన బాబేజి పేరు గణితము చదువువారు వినియే యుందురు. జకార్డు అట్టలు నేడు ధర్మవరములో మగ్గములపై వ్రేలాడుచున్నవి.

పిల్లలారా, రెండు రంగుల కాగితపు పట్టెలు తీసుకొనుడు. ఒక రంగువి నిలువుగా పరచి, రెండవ రంగు పట్టెను ఒకదానిపైన, ఒకదాని క్రిందుగా దూర్చుడు. తరువాతి వరుసలో తారుమారు చేయుడు. చదరములు వచ్చును. పిదప రెండింటిపైన, రెండింటి క్రిందుగా దూర్చుచు, వరుస వరుసకు ఒక్క పట్టె జరుపుడు. ఏమి వచ్చునో మేము చెప్పము.

తరగతిలో దీనిని చేయించినది ఆ బాలుడే. సెలవులలో అమ్మమ్మగారింట తానై నేసిన తొలి గుడ్డముక్కను తెచ్చి మాకిచ్చెను. ఒక కొన రెండంగుళముల వెడల్పు, మరియొక కొన మూడు. “అంచు చూడలేదు సార్” అని వాడే చెప్పెను. అది మా బల్ల సొరుగులో నున్నది.