పాత జీపునకు మారు ఇంజను నెన్నుకొనుట

పాత వస్తువును బాగుచేసికొని వాడుకొనుట పిసినితనము గాదు, అది మితవ్యయము. కాని బాగుచేయుటయందు వివేకము లోపించినచో మితవ్యయమే దుర్వ్యయమగును. పాత జీపు కొఱకు వాడిన ఇంజనును వెదకుట ఇందులకు మంచి ఉదాహరణము. యంత్రశాస్త్రము, అంకగణితము, చట్టము, లోకజ్ఞానము ఈ నాలుగును ఆ పనిలో ఒక్కచోట గలియుచున్నవి. పొరపాటు జరిగినచో కుటుంబము కూడబెట్టిన ధనము పోవుటయేగాక, కొండదారిలో బండినెక్కినవారి ప్రాణములకును ముప్పు వాటిల్లును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 మొదలు 1945 వరకు, అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండును గలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధానంతరము వానిలో గొన్ని మన దేశమున మిగిలిపోయినవి. పిమ్మట మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చి, క్రమముగా ఇక్కడనే నిర్మింపసాగెను. నాలుగు చక్రములకును శక్తి నందించు ఈ బండి వాగులను, ఇసుకను, ఱాళ్లదారులను దాటగలదు. శ్రద్ధతో గాపాడినచో దీని చట్రము దీర్ఘకాలము నిలుచును. ఇంజను మాత్రము ముందుగా అరిగిపోవును. అప్పుడు యజమాని యేమి చేయవలయును?

మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న: ఉన్న ఇంజను నిజముగా పనికిరానిదైనదా? సిలిండర్లు అరిగినచో వానిని తొలిపించి పెద్ద పిస్టనులను వేయవచ్చును. క్రాంకు కడ్డీని సానబెట్టించి, దానికి దగిన బేరింగులను అమర్చవచ్చును. దిమ్మ పగులనంతవరకు సొంత ఇంజనును బాగుచేయించుటయే తఱచుగా ఉత్తమము. ఏలయన అది ఆ బండికి సరిపడునని ముందే తెలిసియున్నది.

అట్లు వీలుగానప్పుడు అదే జాతి ఇంజనును వెదకవలయును. యుద్ధకాలపు జీపు ఇంజనునకు నాలుగు సిలిండర్లు; పరిమాణము 134 ఘనపు అంగుళములు, అనగా సుమారు 2.2 లీటర్లు; నిమిషమునకు 4000 చుట్లు తిరుగునప్పుడు శక్తి 60 అశ్వబలములు. అయినను ఒకే జాతియందును భేదములు గలవు. మొదటివానిలో కామ్ కడ్డీని గొలుసు త్రిప్పును. యుద్ధానంతరము కొంతకాలమునకు గొలుసునకు బదులు పళ్లచక్రములు వచ్చినవి. గొలుసు త్రిప్పు కామ్ కడ్డీ క్రాంకు తిరుగు దిశలోనే తిరుగును. పళ్లచక్రము త్రిప్పునది ఎదురు దిశలో తిరుగును. కావున ఒకదాని నూనె పంపు రెండవదానికి పనికిరాదు. చూచుటకు రెండు ఇంజనులును కవలలవలెనే యుండును!

ఆ తరువాతి ఇంజనులో లోనికి గాలినిచ్చు వాల్వులు పైభాగమునకు మార్చబడినవి. బలము పెరిగినది గాని యెత్తును పెరిగినది. అందుచేతనే 1953లో వచ్చిన సీ.జే. 3బీ జీపునకు ముందు మూతను ఎత్తుగా నిర్మింపవలసివచ్చెను. తయారుచేసిన కంపెనీయే మూతను మార్పవలసివచ్చినప్పుడు, కొలత తీయకయే ఇంజను కొనువాని గతి యేమగునో చదువరులే యూహింపవచ్చును. కావున అంగడికి పోవుటకు ముందే కొలబద్దతో బండిని కొలువవలయును. ఇంజనును నిలుపు దిమ్మల స్థానము, గేరుపెట్టెతో గలియు ముఖము, క్లచ్చి పళ్ల సంఖ్య, నూనె తొట్టికిని ముందు ఇరుసునకును నడుమ నుండు జాగా, రేడియేటరు, స్టీరింగు పెట్టె — వీనిని కాగితముపై వ్రాసికొనవలయును. బండి గతుకులలో ఎగిరినప్పుడు ముందు ఇరుసు పైకి వచ్చును. నిలిచియున్నప్పుడు తగులని తొట్టి అప్పుడు తగులును. యుద్ధకాలపు జీపునందు విద్యుత్తు 6 వోల్టులు, తరువాతి బండ్లలో 12 వోల్టులు. స్టార్టరును ఫ్లైవీలు పళ్లును ఒకదానితో నొకటి సరిపోవునో లేదో చూడవలయును.

ఇక అన్యజాతి ఇంజనులు. డీజిలు చౌకగా నడుచునను నాశతో మన దేశమున జీపులకు ట్రాక్టరు ఇంజనులను అమర్చినవారు గలరు. ఇందలి లాభనష్టములను లెక్కవేసి చూతము. యుద్ధానంతరపు జీపులో చివరి గేరునందు ఇంజను 5.38 చుట్లు తిరిగినచో చక్రము ఒక్క చుట్టు తిరుగును. టైరు చుట్టుకొలత సుమారు 7 అడుగులనుకొందము. ఇంజను నిమిషమునకు 2000 చుట్లకు మించి తిరుగనిదైనచో చక్రము 372 చుట్లు తిరుగును. బండి నిమిషమునకు 2604 అడుగులు పోవును. గంటకు సుమారు 30 మైళ్లు, అనగా 48 కిలోమీటర్లు. అంతకుమించి యెంత త్రొక్కినను పోదు. 4000 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజనునకు ఇదే గణితమున 59 మైళ్లు వచ్చును. పొలములకు పోవువానికి ఆ 30 మైళ్లు చాలును. దూరప్రయాణము చేయువానికి చాలవు.

వేగమొక్కటియే గాదు. డీజిలు ఇంజను బరువైనది. ముందు కమానులు క్రుంగును, స్టీరింగు బరువెక్కును. మిక్కిలి బలముగల ఇంజను మరియొక విధముగా హాని చేయును. యుద్ధకాలపు జీపు మొదటి గేరునందు, అడ్డగేరును తగ్గించినప్పుడు, ఇంజను మెలిత్రిప్పు బలము 25 రెట్లకు పైగా పెరిగి ఇరుసులను జేరును. ఇంజను బలము రెట్టింపైనచో ఇరుసులపై బడు భారమును రెట్టింపగును. 60 అశ్వబలములకు దగినట్లు చేసిన ఇరుసులు, బ్రేకులు దానిని సహింపజాలవు. ఘాటు దారిలో ఇరుసు విరిగినప్పుడు అశ్వబలమెంతయని యెవరును అడుగరు.

సరిపడు ఇంజను దొరకిన పిమ్మట దాని ఆరోగ్యమును పరీక్షింపవలయును. క్రొత్త రంగును చూచి మురియరాదు. వీలైనచో ఇంజను తిరుగుచుండగా చూచుట మేలు. మునుపే వేడిచేసి యుంచినచో అనుమానింపవలయును. చల్లని ఇంజను సులభముగా నడచుటయే ఆరోగ్యమునకు గుఱుతు. నీలిపొగ నూనె కాలుచున్నదని తెలుపును. నల్లపొగ ఇంధనము ఎక్కువైనదని తెలుపును. వేడెక్కిన పిదపకూడ విడువని తెల్లపొగ నీరు లోనికి దిగుచున్నదని శంకింపజేయును. నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో ఆ ఇంజనును విడిచిపెట్టుట మంచిది.

పిమ్మట స్పార్కు ప్లగ్గులను తీసి, ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడిని గేజితో కొలువవలయును. యుద్ధకాలపు జీపు ఇంజను మంచి స్థితిలో చదరపు అంగుళమునకు 100 మొదలు 110 పౌండ్ల వరకు చూపును. అంకెకంటెను సమానత్వము ముఖ్యము. సిలిండర్ల నడుమ భేదము 10 పౌండ్లకు మించరాదు. ఒకటి తక్కువైనచో అందులో చెంచాడు నూనె పోసి మరల కొలువవలయును. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులు చెడినవి. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు తక్కువైనచో హెడ్డు క్రింది గాస్కెట్టు పోయియుండవచ్చును. గొప్ప విద్య యక్కరలేని ఈ చిన్న పరీక్ష, అమ్మువాని వేయి మాటలకంటె నమ్మదగినది.

కడపటిది చట్టము. ఇంజను సంఖ్య బండి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడియుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ ప్రకరణము బండిలో మార్పులు చేయుటను నియంత్రించుచున్నది. ఇంజను మార్చుటకు ముందే రిజిస్ట్రేషను అధికారి అనుమతిని పొందవలయును. సంఖ్య చెరిపివేయబడిన ఇంజను ఎంత చౌకయైనను కొనరాదు. అది దొంగసొత్తు కావచ్చును. దానిని కొనుట దొంగకు తోడ్పడుటయే.

విద్యార్థులారా! మీలో ననేకులు జీపును కొనకపోవచ్చును. కాని పాత యంత్రమును, పాత యింటిని, పాత పుస్తకమును గాని కొనవలసిన దినము ప్రతివానికి వచ్చును. అప్పుడు అమ్మువాని పొగడ్తకు ముందు మీ కొలతను, వస్తువు బలమునకు ముందు మీ అవసరమును, తక్కువ వెలకు ముందు దాని చరిత్రను నిలుపుడు. అట్లు చేయువాడు అరుదుగా మోసపోవును.